బ్యాంకాక్‌లో అమ్మ, నేను, ఒక చేప బొమ్మ సీసా

బ్యాంకాక్ వెళ్ళొచ్చిన మనవాళ్ళని "అక్కడ ఏం తిన్నారండీ?" అని అడిగి చూడండి. రెండు రకాల జవాబులొస్తాయి. మొదటిరకం వాళ్ళు "అబ్బే, ఏ ఇబ్బందీ లేదండీ, మూడు పూటలా ఇండియన్ రెస్టారెంటే, టూరు వాళ్ళే చూసుకున్నారు" అంటారు. సూట్‌కేసులో సగం ఆవకాయ, కందిపొడి. రెండోరకం వాళ్ళు ఖావోసాన్ రోడ్డులో పుల్లకి గుచ్చిన తేలుని నోటి దగ్గర పెట్టుకుని ఫొటో దిగి, "లోకల్ ఫుడ్ తినకపోతే ఊరు చూసినట్టే కాదు బాసూ" అంటారు. ఆ తేలు చివరికి తిన్నారా లేదా అన్నది మాత్రం ఫొటోలో తెలీదు.

నేను చాలాకాలం ఈ రెండోరకంలోనే ఉండేవాణ్ణి (తేలు మినహా). సింగపూర్ నుంచి రెండున్నర గంటల ప్రయాణమే కాబట్టి ప్రాజెక్టు పని మీద ఏడాదికి మూడు నాలుగుసార్లు వెళ్తుంటాను. వెళ్ళినప్పుడల్లా రోడ్డు పక్క బండి దగ్గర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని తింటూ, ఆవకాయ బ్యాచ్‌ని తలుచుకుని జాలిపడుతుండేవాణ్ణి. ఆ గర్వం మా అమ్మ దించింది.

2023 అక్టోబరులో అమ్మ తెనాలి నుంచి వస్తే ఓ నాలుగు రోజులు బ్యాంకాక్ తీసుకెళ్ళాను. అమ్మ పూర్తి శాకాహారి. నవరాత్రుల్లో అయితే ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు. ఊరు చూడ్డం వరకూ హాయిగా గడిచింది. రాజప్రాసాదం ఆవరణలో, వాట్ ఫ్రా కేయో గుడి చుట్టూ ఉన్న వసారా గోడల మీద వాళ్ళ రామాయణం, రామకియెన్, 178 చిత్రాల్లో ఉంటుంది. గైడు అక్కర్లేకుండా అమ్మే నాకు కథంతా చెప్పుకుంటూ నడిచింది. వాళ్ళ హనుమంతుడికి ప్రేమ వ్యవహారాలున్నాయని నేను నోరు జారాను. "చాల్లే నీ వెధవ పరిజ్ఞానం" అంది. వాట్ ఫోలో 46 మీటర్ల పొడవున పడుకున్న బుద్ధుణ్ణి చూసి, వెనకాల వరసగా పెట్టిన 108 కంచు పాత్రల్లో ఒక్కొక్క నాణెం వేసుకుంటూ వెళ్ళింది. ఆ టంగు టంగుమనే చప్పుడు ఆవిడకి బుద్ధుడికన్నా నచ్చిందేమోనని నా అనుమానం.

అసలు కథ మధ్యాహ్నం మొదలైంది. ఓ బండి దగ్గర ఒకావిడ మట్టి రోట్లో పచ్చి బొప్పాయి తురుము, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, నిమ్మరసం, తాటిబెల్లం వేసి కర్ర రోకలితో దంచుతోంది. సోమ్ తామ్ అంటారు. రోలు చూడగానే అమ్మ మొహం వెలిగిపోయింది. "ఒరేయ్, ఇది మన రోటి పచ్చడే కదరా!" ఎండు రొయ్యలు వద్దని చెప్పాను. కానీ అందులో నాం ప్లా పోస్తారని నాకు తెలుసు. చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసే రసం అది. ఒక్క చెంచాయే కదా, అమ్మ ఇంత ముచ్చటపడుతోంది కదా అని నోరు మూసుకున్నాను. అమ్మ లొట్టలేసుకుంటూ తింది.

సాయంత్రం సూపర్‌మార్కెట్లో "ఆవిడ పోసింది ఈ సీసాలోదే కదూ, ఒకటి కొనుక్కుపోదాం" అని తీసి చూపించింది. సీసా మీద చేప బొమ్మ. నా మొహం చూడగానే అర్థమైపోయింది. కోప్పడలేదు. ఆ రాత్రి రెండు అరటిపళ్ళు తిని పడుకుంది. పడుకునే ముందు ఒక్క మాట అంది. "చెప్పి ఉంటే తినాలో వద్దో నేనే తేల్చుకునేదాన్ని కదరా."

ఆ ఆదివారం నవరాత్రులు మొదలు. తిండి సంగతి ఎలారా దేవుడా అనుకుంటూ చైనాటౌన్, అంటే యావరాత్ వైపు వెళ్తే, వీధి వీధంతా పసుపు జెండాలు, వాటి మీద ఎర్ర అక్షరాలు. ఊళ్ళో అక్కడక్కడా అప్పటికే కనిపిస్తున్నాయి, అంతకుముందు ట్రిప్పుల్లోనూ చూశాను, ఏదో ప్రకటన అనుకుని వదిలేశాను. ఈసారి అడిగాను. ఆ అక్షరాలు "జే". చైనా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు తెచ్చుకున్న ఆచారం. వాళ్ళ తొమ్మిదో చాంద్రమాసంలో మొదటి తొమ్మిది రోజులు మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం! చాలా ఏళ్ళు మన నవరాత్రులూ అవీ ఒకేసారి వస్తాయి. ఆ ఏడు అక్టోబరు 15నే రెండూ మొదలయ్యాయి. జే కాకుండా మామూలు శాకాహారానికి వాళ్ళు వాడే మాట "మాంగ్సవిరత్". కాస్త నెమ్మదిగా పలికి చూడండి... మాంసవిరతి!

ఆ పూట అమ్మ జెండా ఉన్న ప్రతి బండి దగ్గరా ఆగింది. బియ్యప్పిండి, కొబ్బరిపాలతో గుంతల పెనం మీద పోసే ఖనోం క్రోక్‌ని "తీపి గుంతపొంగణాలు" అని పేరు పెట్టి రెండుసార్లు తింది. పెరుగు లేకపోవడం ఒక్కటే లోటు.

ఇంతకీ నేను చెప్పొచ్చేదేమిటంటే... లోకల్ ఫుడ్ అనగానే ఊరంతా ఒకటే తింటుందనుకుంటాం. తెనాలిలోనే అందరూ ఒకటి తినరు కదా, కోటిమంది దాకా ఉన్న బ్యాంకాక్ ఎలా తింటుంది? ఆవకాయ బ్యాచ్ భయపడి అడగదు, తేలు బ్యాచ్ గొప్పకి పోయి అడగదు. ఇద్దరూ ఊరు చూడనట్టే. నేనైతే ఇంకా ఘనుణ్ణి, తెలిసీ దాచాను. పక్కవాళ్ళ నియమం మనకి చాదస్తంగా కనిపించొచ్చు, కానీ దాన్ని వాళ్ళకి తెలియకుండా తెంచే హక్కు మనకి లేదు. ఆ నియమం చేత్తో పట్టుకుని అడుగుతూ వెళ్తే, పదిసార్లు వెళ్ళినా నాకు కనపడని వీధి అమ్మకి మూడోరోజే కనపడింది.

కాబట్టి మీ అమ్మానాన్నల్ని తీసుకెళ్తే ఇండియన్ రెస్టారెంటు వెతికే ముందు రెండు ముక్కలు నేర్చుకోండి. "కిన్ జే" అంటే జే తింటాం అని. "మై సై నాం ప్లా" అంటే చేపరసం వెయ్యొద్దని. జవాబు అర్థం కాకపోతే తినకండి, అరటిపళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి.

అమ్మ ఇప్పుడు తెనాలిలో నిమ్మకాయ, బెల్లం, ఉప్పు వేసి ఆ బొప్పాయి పచ్చడి చేస్తోంది, వీధిలో అందరికీ పంచుతోందిట. ఫోన్లో నేను ఏ ఊళ్ళో ఏం తిన్నానని చెప్పినా ఒకటే ప్రశ్న వేస్తుంది: "అందులో ఏం పోశారో అడిగావా?"