స్పీకరు పెట్టెయు మన చదువును

మంద్రధ్వనియందు నేటి బాలురకు గల మక్కువ అందఱు నెఱిగినదే. పెండ్లి ఊరేగింపులోను, జాతరలోను, ఇంటిలో టెలివిజను ప్రక్కను గుండెకు తగులునట్లు మ్రోగు సబ్‌వూఫర్ పెట్టె లేనిదే వేడుక వేడుకగా తోచని కాలమిది. ఆ మోత మంచిదా, చెడ్డదా యని పెద్దలు తఱచుగా చర్చించుచునే యున్నారు. మేమిచట చెప్పదలచినది వేఱు. ఆ పెట్టెను అంగడిలో కొని తెచ్చుటకంటె, తలిదండ్రుల తోడ్పాటుతో ప్లైవుడ్డు పలకలతో ఇంటనే కట్టుట మన విద్యార్థులకు గొప్ప చదువని మా యభిప్రాయము. పావగడ తాలూకాలోని తెలుగు కుటుంబములకు ఆ చదువు మఱింత అవసరమని కూడ మేము నమ్ముచున్నాము.

మన తలిదండ్రులలో పెక్కుమంది, "మేము చదివినది తక్కువ, పిల్లల సైన్సు పాఠములో మేమేమి చెప్పగలము?" అని వెనుదీయుదురు. వేరుసెనగ చేనిలోను, గోడ కట్టుటలోను, కొయ్యపనిలోను ఆరితేరిన చేతులు పుస్తకము ముందు మాత్రము ముడుచుకొనుచున్నవి. ఇందువలన నష్టపడునది బిడ్డలే. ఈ స్పీకరు పెట్టె అట్టి తలిదండ్రులకును ఉపాధ్యాయ పీఠము వేయగలదు.

మొదట, స్పీకరునకు పెట్టె యేల కావలెను? స్పీకరులోని కాగితపు శంకువు ముందునకు కదలినప్పుడు ఎదుటి గాలిని ఒత్తును. అదే క్షణమున వెనుకటి గాలి పలుచనగును. ఈ రెండును ఒకదానినొకటి చేరినచో ధ్వని చాల వఱకు నశించును. సెకనునకు 40 కంపనములు గల మంద్రధ్వని తరంగదైర్ఘ్యము గాలిలో సుమారు 8.5 మీటర్లు. అంత పొడవైన తరంగము చిన్న పలక అంచును సులభముగా చుట్టివచ్చును. కావున వెనుకటి గాలిని పెట్టెలో బంధింపవలసి యున్నది.

ఈ బంధించు విధానములు ముఖ్యముగా రెండు. ఒకటి అన్ని వైపుల మూసిన పెట్టె. ఇందులోని గాలి స్ప్రింగువలె పనిచేసి శంకువును వెనుకకు తెచ్చును. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ 1954లో ఈ సూత్రముపై చిన్న పెట్టెనుండి పెద్ద మంద్రధ్వనిని రాబట్టెను. రెండవది నాళము గల పెట్టె. ఖాళీ సీసా మూతిపై ఊదినప్పుడు వినవచ్చు నాదమే దీని కాధారము. నాళములోని గాలి అనునాదము పొంది మంద్రధ్వనికి బలమిచ్చును. బెల్ ప్రయోగశాలలకు చెందిన ఆల్బర్ట్ థూరస్ దీనికి 1932లో పేటెంటు పొందెను. 1961లో ఆస్ట్రేలియా దేశస్థుడైన థీల్, తరువాత 1970 దశకమున రిచర్డ్ స్మాల్ ఈ పెట్టెలకు గణితము కూర్చిరి. నేడు స్పీకరుతో వచ్చు కాగితమున కనబడు సంఖ్యలు వారి చలవయే. తొలిసారి కట్టువారికి మూసిన పెట్టెయే మేలు. ఏలయన కొలతలో స్వల్పమైన తేడా వచ్చినను అది మన్నించును. నాళపు పెట్టె యట్లు మన్నింపదు.

ఇక లెక్క చూతము. వెలుపలి కొలత ప్రతి వైపు 40 సెంటీమీటర్లు గల ఘనాకారపు పెట్టె ననుకొందము. ఘనపరిమాణము 64 లీటర్లని విద్యార్థి వెంటనే చెప్పును. కాని పలక మందము 18 మిల్లీమీటర్లు. రెండు వైపుల మందము తీసివేసినచో లోపల మిగులునది 36.4 సెంటీమీటర్లే. అప్పుడు లోపలి గాలి 48.2 లీటర్లు మాత్రమే. నాల్గవ వంతు గాలిని పలకయే మ్రింగివేసినది! తరగతిలో మార్కులకై చేసిన లెక్క తప్పినచో ఎఱ్ఱసిరా గీత పడును. ఇచట తప్పినచో పెట్టె పలుకదు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల పలకనుండి 40 సెంటీమీటర్ల చదరములు పదునెనిమిది వచ్చును. పెట్టె కాఱు చొప్పున మూడు పెట్టెలగును. కావున మూడిండ్లవారు కలిసి ఒక పలక కొన్నచో ఖర్చు మూడు పాళ్లగును.

ఇక నిచట తలిదండ్రుల విద్య యారంభమగును. పలకను ఎట్టు కోసిన అంచు చీలదో, మరమేకు బిగించుటకు ముందు సన్నని రంధ్రమెట్లు వేయవలెనో పుస్తకములో లేదు. చట్రము నిలిపిన పిమ్మట వడ్రంగి దారముతో మూలనుండి మూలకు రెండు వైపుల కొలిచి, రెండును సమానమైననే జిగురు పూయును. దీర్ఘచతురస్రపు కర్ణములు సమానమను సిద్ధాంతము అదియే గదా! పునాది వేయు మేస్త్రీ తాడుపై 3, 4, 5 అడుగులు గుర్తించి మూల సరిచూచును. పైథాగరసు పేరు ఆయన వినియుండకపోవచ్చును, సూత్రము మాత్రము ఆయన చేతిలో నున్నది. సందులు మూసినవో లేదో తెలియుటకు, పెట్టె మ్రోగుచుండగా అగరువత్తి పొగను అతుకుల వెంట నడిపింపవచ్చును. పొగ ఎచట వడకునో అచట గాలి కారుచున్నది. తల్లి కుట్టుమిషనుపై కుట్టిన గుడ్డ ముందు బిగించిన నాడు ఆ పెట్టె ఇల్లంతటిదియు నగును.

దీనికి కొందఱు అభ్యంతరములు చెప్పుదురు. చదువు చెడునందురు. సెలవు దినములలో చేసిన యెడల ఆ భయము లేదు. అపాయమందురు. అది నిజమే, కావున మరరంపము పెద్దల చేతనే యుండవలెను, కోతపొడి పీల్చకుండ ముక్కునకు గుడ్డ కట్టవలెను, ఇంటి కరెంటుతో పనిచేయు ఆంప్లిఫయరును సిద్ధముగా నున్నదానినే కొనవలెను. ఇరుగుపొరుగునకు బాధ యందురు. ఇది అన్నిటికంటె న్యాయమైన మాట. మంద్రధ్వని గోడలను సులువుగా దాటును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగటి మేర 55 డెసిబెల్లులు, రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు 45. పెట్టెను కట్టనేర్చిన బాలుడు దానిని తగ్గించుటయు నేర్వవలెను. పరీక్షలకు చదువుకొను పొరుగింటి బిడ్డకంటె మన పాట గొప్పది కాదు.

అన్నిటికంటె ముఖ్యమైన విషయము భాష. మన తాలూకా తుమకూరు జిల్లాలోనిదే యైనను మూడు వైపుల ఆంధ్ర భూమి యావరించియున్నది. ఇండ్లలో తెలుగు, కార్యాలయములలో కన్నడము. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు రాష్ట్రములు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. ఆ హక్కు విలువైనదే. కాని తెలుగు పరీక్ష కాగితమున మాత్రమే శాస్త్రము పలికి, ఇంటిలో వంటకును అలుకకును మాత్రమే పనికివచ్చినచో, బిడ్డలు దానిని చిన్న భాషగా తలపరా? అనునాదము, తరంగదైర్ఘ్యము అను మాటలు బిడ్డ నోటను, రంపము, ఉలి, మూలమట్టము, చిత్రిక అను మాటలు తండ్రి నోటను ఒకే పలకపై కలిసిన నాడు తెలుగు పనిచేయు భాష యగును. ఇది కన్నడమునకు ఎదురు కాదు. మనము పౌనఃపున్యమందుము, కన్నడ పుస్తకములు ఆవృత్తి యనును. తరంగము ఇరువురిదియు నొకటే. ఒక భాషలో గట్టిగా గ్రహించిన భావమును రెండవ భాషలో చెప్పుట కష్టము కాదు.

కొయ్యకును నాదమునకును గల చుట్టరికము మనకు క్రొత్తది కాదు. బొబ్బిలి వీణను ఒకే పనసదుంగనుండి తొలుతురు. మన మృదంగము నడుమ పూసిన నల్లని పూత వలన దాని నాదము శ్రుతిబద్ధమగుటను సర్ సి. వి. రామన్ 1920లోనే శాస్త్రలోకమునకు చూపెను. చేతిపనివాడు చెవితో కనిపెట్టినదానిని శాస్త్రజ్ఞుడు లెక్కతో చూపెను; ఇరువురును గౌరవనీయులే. నేడు మన తిరుమణి పరిసరములలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు వెలసియున్నది. అట్టి చోట్ల మన బిడ్డలు పలకలు తుడుచు పనికే కాక, కొలుచు పనికిని, కూర్చు పనికిని పిలువబడవలెనన్నచో, కొలుచుటయు కూర్చుటయు ఇంటిలోనే మొదలు కావలెను.

కావున తలిదండ్రులకు మా విన్నపమిది: రాబోవు సెలవులలో మీ బిడ్డతో కలిసి ఒక పెట్టె కట్టుడు. కోతకు ముందు బిడ్డచే లెక్క వ్రాయింపుడు. కోయునప్పుడు మీ మాటలలో మీ పని చెప్పుడు. విద్యార్థులారా! ఆ లెక్కయు, ఆ మాటలును ఒక నోటుపుస్తకములో తెలుగున వ్రాసి పాఠశాలకు తీసికొనిరండు.