పాపాయి మెడ ఒకవైపే వాలుతోందా?

పసిబిడ్డ తల ఒకపక్క చదునుగా కనిపిస్తే ఆవాల దిండు వేయడం, లాల పోసేటప్పుడు ఒత్తడం నల్గొండ, పాలమూరు పల్లెల్లో చాలా ఇళ్లలో చేసేదే. అసలు చిక్కు మెడలో ఉండొచ్చు. మెడ పక్క కండరం బిగుసుకుంటే తల అటు వాలి, గడ్డం రెండోవైపు తిరుగుతుంది. ఎప్పుడూ అదేవైపు ఆనడంతో మెత్తని పుర్రె చదునవుతుంది. ఒత్తితే బిగువు పోదు. దిండుతో ఊపిరాడని ప్రమాదం కూడా.

డాక్టరు చూశాక, ఫిజియోథెరపిస్టు నేర్పినట్లు మెడను మెల్లగా సాగదీసే వ్యాయామాలు మూడు నెలల్లోపే మొదలుపెడితే చాలామందికి ఆపరేషన్ అవసరం రాదు. మెలకువగా ఉన్నప్పుడు దగ్గరుండి కాసేపు బోర్లా వేయాలి. బిడ్డ తిరగని వైపు గిలక్కాయ ఆడించాలి. నిద్రకు మాత్రం వెల్లకిలే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల పరీక్షలు ఉచితం. ఆశా కార్యకర్త ఇంటికొచ్చినప్పుడే బిడ్డ మెడ చూపించండి. 'పెరిగితే అదే సర్దుకుంటుంది' అని ఊరుకుంటే చేజారేది ఆ మూడు నెలలే!