ఊపిరిని కొలవకుండా రోగం పేరు రాయొద్దు



గూడెంలో ఒకరికి ఆయాసం వచ్చిందంటే మనకి దొరికేదేంటి? ఒక సూది, నాలుగు మాత్రలు, "చలిలో తిరగకు" అనే ఒక మాట. అది ఆస్తమానా, టీబీనా, పొయ్యి పొగతో దెబ్బతిన్న ఊపిరితిత్తులా, తేల్చేదెవరు?

తేల్చే పద్ధతి ఉంది. స్పైరోమీటర్‌లో గట్టిగా ఊదించి, మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందో చూస్తారు. సాల్బుటమాల్ పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. పెద్దవాళ్లలో ఆ గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే ఆస్తమాకి అది గట్టి ఆధారం. ఒకరోజు పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన ఆస్తమా లేదని కాదు. అది వచ్చిపోతుండే జబ్బు.

మిషన్ లేదంటారా? పీక్ ఫ్లో మీటర్ అని చేతిలో పట్టే చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంది. దానికి కరెంటు అక్కర్లేదు. రెండు వారాలు పొద్దున, సాయంత్రం ఊది అంకెలు రాసుకుంటే ఊపిరి ఎంత మారుతోందో తెలిసిపోతుంది. కొండకి రోడ్డు లేదు, కరెంటు లేదు అనే సాకు ఇక్కడ చెల్లదు.

జబ్బు అదుపులో ఉందా అని తెలుసుకోడానికి నాలుగు ప్రశ్నలు చాలు. గత నాలుగు వారాల్లో పగటి ఆయాసం వారానికి రెండుసార్లు దాటిందా? రాత్రి నిద్రలేపిందా? వెంటనే ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్ వారానికి రెండుసార్లకి మించి వాడారా? పనులు ఆగాయా? మూడింటికి అవునంటే అదుపు తప్పినట్టే. ఇవి అడగడానికి ఏ మిషనూ అక్కర్లేదు కదా!

అసలు మాట ఇది. ఆస్తమా తీవ్రతని తొలిరోజు చూసి చెప్పరు. కొన్ని నెలలు మందు వాడాక, అదుపులో ఉంచడానికి ఎంత మందు పట్టిందో చూసి చెప్తారు. పీల్చే స్టెరాయిడ్ మందే ఇవ్వని చోట "నీది మామూలు ఆయాసమే" అని ఏ లెక్కన అంటున్నారు? బుడెసొనైడ్ ఇన్‌హేలర్ 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. మనం అడుగుతున్నది దయ కాదు.

గ్రామసభలో అడగండి. పీహెచ్‌సీలో పీక్ ఫ్లో మీటర్ ఉందా, ఇన్‌హేలర్ల స్టాకెంత అని ఆర్టీఐ వేయండి.

ఒకటి గుర్తుపెట్టుకోండి. మనిషి వాక్యం పూర్తిచేయలేకపోతే, పిల్లికూతలు ఆగిపోయినా ఊపిరందకపోతే తగ్గిందనుకోవద్దు. అది ప్రాణాపాయం. క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జోహార్!