కుటుంబ ఆరోగ్యము: మాత్రలు వాడే ఇంట్లో కాళ్ళ తిమ్మిర్లు



గృహదర్శనములకు వెళ్ళినప్పుడు మేము తరచుగా వినే ప్రార్థన విన్నపము ఒకటున్నది. "అయ్యగారూ, పాదాలు తిమ్మిరెక్కుతున్నాయి. చీమలు పాకినట్టుంది. రాత్రిపూట అరికాళ్ళు మంటలు. ప్రార్థన చేయండి" అంటారు. ప్రార్థన చేస్తాము. చేసిన తరువాత, "ఏమైనా మాత్రలు వాడుతున్నారా?" అని అడుగుతాము. చాలామంది ఆశ్చర్యపోతారు. జబ్బు తగ్గించే మాత్రకూ కాళ్ళ తిమ్మిరికీ సంబంధముంటుందని వారికి ఎవరూ చెప్పలేదు. ఈ నెల ఆ సంగతి వ్రాస్తున్నాము. అన్ని మందులను గూర్చి వ్రాయుటకు స్థలము చాలదు గనుక, టి.బి.కి ఇచ్చే ఐసోనియాజిడ్ అను మందును ముఖ్యముగా తీసుకుంటున్నాము.

ఈ మందు చేసిన మేలు

మొదట ఈ మందు విలువ తెలుసుకోవాలి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషను సంఘములు కలిసి నడిపిన క్షయ ఆసుపత్రి పేరు మన పెద్దలు ఎరుగుదురు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారము, కొందరికి ఆపరేషను. చాలాకాలము ఈ జబ్బుకున్న వైద్యము అంతే. 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చింది. 1956లో మద్రాసులో ప్రారంభమైన క్షయ చికిత్స పరిశోధన కేంద్రము, ఇంటి దగ్గరుండి మందులు వాడినవారికి కూడా ఆసుపత్రిలో ఉన్నవారితో సమానముగా నయమవుతుందని 1959లో లోకానికి చూపించింది. ఈనాడు మన ఊరి మనిషి తన ఇంట్లో, తన పిల్లల మధ్య ఉండి టి.బి. నుండి బాగుపడుతున్నాడంటే దాని వెనుక ఈ చరిత్ర ఉంది.

అదే మద్రాసు కేంద్రములోని వైద్యులు ఈ మందు వలన వచ్చే తిమ్మిర్లను కూడా పరిశీలించారు. బి6 విటమిను కొద్ది మోతాదులో ఇస్తే వాటిని నివారించవచ్చునని 1963లో ప్రకటించారు. అరవై ఏళ్ళ క్రిందటే తెలిసిన సంగతి ఇది. అయినా మన పల్లెల్లో తిమ్మిరికి భయపడి మాత్రలు మానేసేవారు ఇంకా ఉన్నారు.

తిమ్మిరి ఎందుకు వస్తుంది?

మన నరాలు సరిగా పనిచేయుటకు బి6 విటమిను కావాలి. దీనినే పైరిడాక్సిన్ అంటారు. ఐసోనియాజిడ్ ఒంట్లోని ఈ విటమినుతో కలిసి దానిని మూత్రము ద్వారా బయటికి పంపివేస్తుంది. మిగిలినదానిని కూడా శరీరము సరిగా వాడుకోనివ్వదు. ఒంట్లో అన్నిటికంటె పొడవైన నరాలు పాదాలకు వెళ్ళేవి గనుక ముందుగా అవే దెబ్బతింటాయి. రెండు పాదాల వ్రేళ్ళలో తిమ్మిరి మొదలవుతుంది. తరువాత సూదులతో గుచ్చినట్లు, మంటగా ఉంటుంది. అశ్రద్ధ చేస్తే పైకి ప్రాకి చేతులకు కూడా వస్తుంది. కాలినుండి చెప్పు జారిపోయినా తెలియని స్థితి రావచ్చును.

ఇది అందరికీ రాదు. సరియైన తిండి లేనివారికి, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, వృద్ధులకు, షుగరు ఉన్నవారికి, కిడ్నీ జబ్బు లేక హెచ్.ఐ.వి. ఉన్నవారికి, కల్లు సారా అలవాటున్నవారికి ఎక్కువగా వస్తుంది. ఈ వరుస చూడండి. టి.బి. ఎక్కువగా పట్టేది కూడా వీరిలో చాలామందినే.

దీనికి విరుగుడు చిన్నది. ముందుజాగ్రత్తకు సాధారణముగా రోజుకు 10 నుండి 25 మిల్లీగ్రాముల బి6 మాత్ర చాలును. తిమ్మిర్లు మొదలైనవారికి ఎక్కువ మోతాదు అవసరము. అది డాక్టరుగారే నిర్ణయించాలి. బలం మాత్రలే కదా అని మెడికల్ షాపులో పెద్ద మోతాదువి కొని నెలల తరబడి మింగకూడదు. బి6 మితిమీరితే అది కూడా నరాలను చెడగొడుతుంది. పప్పులు, శనగలు, గుడ్డు, చేప, అరటిపండులో ఈ విటమిను ఉంది. మందులు వాడేవారికి ఇవి పెట్టండి. అయితే తిమ్మిరి వచ్చిన తరువాత తిండి ఒక్కటే సరిపోదు.

ఒక ఇంటి సంగతి

కూలి పని చేసుకునే ఒక సహోదరికి టి.బి. అని తేలింది. రెండు నెలలు మాత్రలు వేసుకున్నది. దగ్గు తగ్గింది, ఆకలి పెరిగింది. మూడవ నెలలో పాదాలు తిమ్మిరెక్కసాగాయి. "ఆ వేడి మాత్రలకు నరాలు ఎండిపోతున్నాయే" అన్నది ప్రక్కింటి అమ్మ. "కుష్ఠేమో" అన్నారు మరొకరు. ఈమె ఎవరికీ చెప్పకుండా మాత్రలను బియ్యం డబ్బాలో దాచి, వేసుకుంటున్నానని భర్తతో చెబుతూ వచ్చింది. దాదాపు ఇరవై రోజులు గడిచాయి. ఆశా కార్యకర్త మాత్రల అట్టలు లెక్కపెట్టినప్పుడు సంగతి బయటపడింది. ఆరోగ్య కేంద్రములో డాక్టరుగారు కోప్పడలేదు. మళ్ళీ కఫం పరీక్ష చేయించి, మాత్రలు కొనసాగించి, బి6 కలిపారు. కొన్ని వారాలకు తిమ్మిరి తగ్గింది. చికిత్స కూడా పూర్తయింది.

ఆ ఇరవై రోజులు ఆమె ప్రమాదపు అంచున నడిచింది. మధ్యలో మానేస్తే చావని క్రిములు మందులకు లొంగకుండా మొండికెత్తవచ్చును. అప్పుడు వాడవలసిన మందులు ఇంకా కఠినమైనవి. అంతేకాదు, ఒకే గదిలో పడుకునే పిల్లలకు ఆ మొండి జబ్బే అంటవచ్చును.

సంఘములో వినిపించే రెండు మాటలు

మొదటిది, "తిమ్మిరి అంటే కుష్ఠే" అనే మాట. మాత్రల వలన వచ్చే తిమ్మిరి సాధారణముగా రెండు పాదాలలోను ఒకేసారి మొదలవుతుంది. కుష్ఠులో తరచుగా చర్మముపై పాలిపోయిన లేక ఎర్రని మచ్చ ఉండి, దానిమీద స్పర్శ తెలియదు. ఏది ఏదో డాక్టరుగారు చూసి చెప్పాలి. ఒకవేళ కుష్ఠే అయినా దానికి ఉచితముగా మందులున్నాయి, పూర్తిగా నయమవుతుంది. కాబట్టి ఆ పేరు చెప్పి ఎవరినీ భయపెట్టవద్దు, దూరముగా కూర్చోబెట్టవద్దు.

రెండవది, "విశ్వాసముంటే మందులెందుకు?" అనే మాట. దీనికి కొందరు ఆసా రాజును సాక్ష్యము తెస్తారు. ఆయన పాదములలోనే జబ్బు పుట్టింది, ఆయన వైద్యులను నమ్ముకున్నాడు అంటారు. రెండవ దినవృత్తాంతములు 16వ అధ్యాయము మొదటినుండి చదవండి. ఆసా దేవుని విడిచి సిరియా రాజును ఆశ్రయించాడు. గద్దించిన దీర్ఘదర్శిని చెరసాలలో వేయించాడు. చివరికి జబ్బులో కూడా ప్రభువును వెదకలేదు. ఆయన తప్పు అక్కడున్నది. హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించినప్పుడు దేవుడు ఆలకించాడు. అయినా ఆయన పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని చెప్పినవాడు యెషయా ప్రవక్తే. పౌలుతో కూడ ప్రయాణము చేసిన లూకా వైద్యుడు. ప్రార్థనా, మందూ ఒకే ఇంట్లో ఉండవచ్చును.

ఇతర మందుల వలన కూడా

షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళు వాడేవారిలో బి12 విటమిను తగ్గి తిమ్మిర్లు రావచ్చును. షుగరు జబ్బు వలన కూడా తిమ్మిర్లు వస్తాయి గనుక పరీక్ష చేయించాలి. విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్ వంటి కొన్ని క్యాన్సరు మందులతో కూడా వస్తాయి. మొండి టి.బి.కి ఇచ్చే లినెజోలిడ్ విషయములో మరింత జాగ్రత్త అవసరము. దాని వలన తిమ్మిరి మొదలైతే బి6 మాత్రతో సరిపెట్టుకోకూడదు. ఆలస్యము చేస్తే ఆ నష్టము మిగిలిపోవచ్చును.

ఇంట్లో చేయవలసినవి

1. తిమ్మిరి మొదలైన వారములోనే డాక్టరుగారికి గాని ఆశా కార్యకర్తకు గాని చెప్పండి. వాడుతున్న మందులన్నీ, నాటు మందులతో సహా, తీసుకువెళ్ళి చూపించండి. మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు.

2. కళ్ళు పచ్చబడి, వాంతులై, అన్నము సహించకపోతే అది కాలేయమునకు దెబ్బ కావచ్చును. చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ రంగులు సరిగా తెలియకపోయినా ఎథాంబుటాల్ వలన కావచ్చును. ఈ రెంటికీ మరుసటి మాత్ర వేసుకొనకముందే, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

3. ఉన్నట్టుండి ఒకవైపు కాలు చెయ్యి మొద్దుబారినా, మూతి వంకరపోయినా అది పక్షవాతము కావచ్చును. వెంటనే 108కి ఫోను చేయండి.

4. తిమ్మిరెక్కిన పాదాలకు వేడి ఇటుకతో కాపడము పెట్టవద్దు. స్పర్శ తెలియక కాలిపోతాయి. స్నానపు నీళ్ళ వేడిని ఇంట్లో మరొకరు చూడాలి.

5. చేలోకి చెప్పులు లేకుండా వెళ్ళవద్దు. రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోండి. కల్లు, సారా పూర్తిగా మానండి.

6. మామూలు టి.బి. చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు మందులు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితము. నిక్షయ్ పోషణ్ యోజన క్రింద రోగి తిండి కొరకు 2018 ఏప్రిల్‌లో మొదలైన నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1000 రూపాయలైనవి. బ్యాంకు ఖాతా వివరములు ఇచ్చారో లేదో చూసుకోండి.

సంఘ పెద్దలకు, స్త్రీల సమాజమునకు ఒక మనవి. మీ వీధిలో టి.బి. మాత్రలు వాడేవారుంటే వారానికొకసారి వెళ్ళి కూర్చోండి. "మాత్రలు వేసుకున్నావా అమ్మా?" అనడముతో ఆగక, "వేసుకున్నాక ఒంట్లో ఎలా ఉంది?" అని కూడా అడగండి. వీలైతే నాలుగు గుడ్లు పట్టుకొని వెళ్ళండి.

నయమాను సంగతి మీకు తెలుసు. ఎలీషా చెప్పినది ఏడు మునకలు. మొదటి మునకకు గాని, ఆరవ మునకకు గాని స్వస్థత కలిగినట్లు వ్రాయబడలేదు. విసిగి ఆరింటికే ఒడ్డెక్కి ఉంటే ఆయన కుష్ఠుతోనే సిరియాకు తిరిగి వెళ్ళేవాడు. మొదట కోపగించి వెళ్ళిపోబోయిన ఆయనను నచ్చజెప్పి నిలిపినవారు ఆయన దాసులే. మాత్రలతో విసిగిన మనిషికి అటువంటి మాట చెప్పేవారు ఇంట్లో ఒకరైనా ఉండాలి.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో మీ ఊరిలో మందులు వాడుచున్న ప్రతివారిని, వారిని చూచుకొను ఆరోగ్య కార్యకర్తలను జ్ఞాపకము చేసుకొనండి. ఎవరైనా మాత్రలు దాచుకొని భయముతో ఉన్నట్లయితే, ఆ భయమును నోరు విప్పి చెప్పుటకు ప్రభువు వారికి ధైర్యమును, వినువారికి ఓర్పును దయచేయునుగాక. ఆమేన్.