పాత అంబాసిడరూ, దాని వెనకాల ఓ చిన్న ఇల్లూ

మన సాఫ్ట్‌వేర్ జనాలకి నలభై దాటగానే ఏదో ఒక జబ్బు పట్టుకుంటుంది. కొందరికి పొలం కొని దేశవాళీ వరి పండించే జబ్బు, కొందరికి మారథాన్ జబ్బు, ఇంకొందరికి పాత కార్ల జబ్బు. నాది మూడోది, అదీ కాస్త ముదిరిన కేసు. 1972 నాటి మార్క్ 2 అంబాసిడర్ కొని, దాని వెనకాల ఇద్దరు పడుకోడానికి సరిపోయే ఓ చిన్న ట్రైలర్ తగిలించా. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు మధ్య తిరుగుతుంటాం నేనూ మా ఆవిడా. అయితే ఇది మా సరదా కబుర్లు చెప్పడానికి రాస్తున్నది కాదు. పాత బండిని ఏం చెయ్యాలి అనే విషయంలో ప్రభుత్వానికీ, కలెక్టర్లకీ (కార్లు పోగేసేవాళ్ళు లెండి, జిల్లా కలెక్టర్లు కాదు), నాకూ అభిప్రాయభేదం ఉంది. అదీ అసలు సంగతి.

ఇంగ్లండులో ఇది వింత కాదు. కారు వెనకాల కట్టుకుపోయే ఇళ్ళని ఎకిల్స్ అనే కంపెనీ అక్కడ 1919 నుంచే తయారుచేసి అమ్మింది. రిటైరైన ముసలాయన ఓ పాత రోవరో, మోరిస్సో కొనుక్కుని, వెనకాల క్యారవాన్ తగిలించి, ముసలావిడని పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం ఒడ్డుకి పోతాడు. అది అక్కడ మధ్యతరగతి సరదా, జమీందార్ల వ్యవహారం కాదు.

"ఆ బ్రిటిష్ పాత కార్లు మనకెక్కడ దొరుకుతాయండీ" అంటారా? మన తాతల పెళ్ళిళ్ళకి పూలదండలు కట్టిన కారేంటి మరి! ఇంగ్లండులో కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారే మన అంబాసిడర్. 1950ల చివర్లో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని కలకత్తా పక్కన ఉత్తరపారాలో మొదలుపెట్టింది. అక్కడ ఆక్స్‌ఫర్డ్ రూపం మారిపోయి, కనుమరుగైపోయినా, ఇక్కడ మాత్రం అదే మనిషి అవే బట్టలతో 2014 మే వరకూ బతికాడు. 2017లో ఆ పేరుని 80 కోట్లకి ప్యూజో వాళ్ళకి అమ్మేశారు. ఇంకోటి, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. అది ట్రయంఫ్ హెరాల్డే. చూడ్డానికి అందగత్తె, కానీ బరువు లాగే పనికి ఇంజను చిన్నది. కాబట్టి నా ఓటు అంబాసిడర్‌కే.

లాగే సంగతికి వద్దాం. మార్క్ 2లో ఉండేది బీఎంసీ వాళ్ళ బీ సిరీస్ 1489 సీసీ ఇంజను. ఎంజీఏ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో పెట్టింది కూడా ఈ వంశంలోదే, అంటే మన టాక్సీస్టాండు బండికి రేసుగుర్రం చుట్టరికం ఉందన్నమాట. కాకపోతే మనదాని సత్తా యాభై హార్స్‌పవర్ అటూ ఇటూ. ఇవాళ్టి చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కానీ దీనికి కింది గేర్లలో నెమ్మదిగా గుంజే గుణం ఉంది, వెనకాల కమాన్ కట్టలున్నాయి. నలుగురెక్కాల్సిన బండిలో తొమ్మిదిమంది ఎక్కి పెళ్ళికెళ్ళిన రోజుల్లో ఆ కమాన్లే మనల్ని మోశాయి.

అలాగని ఏది పడితే అది తగిలించకూడదు. కొత్తగా లాగేవాళ్ళు కారు ఖాళీ బరువులో 85 శాతం మించిన క్యారవాన్ జోలికి పోవద్దంటారు ఇంగ్లండువాళ్ళు. అంబాసిడర్ బరువు 1100 కిలోల పైన. ఆ లెక్కన 900 కిలోల పైచిలుకు వరకూ పోవచ్చు. కానీ ఆ లెక్క మంచి బ్రేకులున్న బండికి, బ్రేకులున్న క్యారవాన్‌కి. మనదానికి నాలుగూ డ్రమ్ బ్రేకులే. హైవే మీద గేదె అడ్డం వస్తే లెక్కలు పనికిరావు. అందుకే నా ట్రైలర్ 400 కిలోలు దాటనివ్వలేదు. రెండు పరుపులు, వెనక తలుపెత్తితే గ్యాస్ స్టవ్వు, ఓ నీళ్ళ ట్యాంకు, అంతే. ఆ బరువులో 5 నుంచి 7 శాతం ముందు కొక్కెం మీద పడేలా సామాను సర్దాలి. బరువంతా వెనక్కి పోతే ట్రైలరు పాములా ఊగుతుంది, దాంతోపాటు కారు తోకా ఊగుతుంది. స్పీడు యాభై. తొందరున్నవాళ్ళు వందే భారత్ ఎక్కండి.

కొనేవాళ్ళకి నాలుగు మాటలు. ఒకటి, అంబాసిడర్‌కి లారీకున్నట్టు వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. కాబట్టి పెయింటు చూసి మురిసిపోకుండా బండి కింద దూరి తుప్పు చూడండి. మన డెల్టా గాలికి ఇనుము బతకడం కష్టం. కొక్కెం బిగించేది కూడా ఆ అడుగు రేకుకే గనక బరువు నాలుగు చోట్లకి పంచేలా లోపల ప్లేటు వెయ్యాలి. రెండు, ఈ ఇంజను సీసం కలిసిన పెట్రోలు కాలంనాటిది. మనదేశంలో 2000 నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. బరువు లాగినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే చోటు అరిగిపోతుంది. హెడ్ విప్పించి గట్టి వాల్వ్ సీట్లు వేయించుకోవాలి. మూడు, 2025 కల్లా బంకుల్లో పోసేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే అయిపోయింది. పాత రబ్బరు గొట్టాలనీ, పెట్రోలు పంపులో ఉండే డయాఫ్రమ్‌నీ అది తినేస్తుంది. ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించండి, నెలల తరబడి ట్యాంకు నిండా పెట్రోలు నిలవ ఉంచకండి. నాలుగు, రేడియేటర్ బాగు చేయించాకే ట్రైలర్ మాట ఎత్తండి. ఈ నాలుగింటికీ పెట్టే డబ్బు కారు ధరలో సగం దాకా పోతుంది. బేరం ఆడేటప్పుడే అది మనసులో పెట్టుకోవాలి.

ఇక చట్టం. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి కొత్త రూల్సు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చెయ్యని బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. కొత్తగా చేయించుకుంటే ఫీజు 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది. వినడానికి గౌరవంగానే ఉంది. మా ఫ్రెండ్సంతా "తీసేసుకోరా, ఫోటోలో ప్లేటు అదిరిపోద్ది" అన్నారు. కానీ ఆ నంబరు తీసుకున్న బండిని మామూలుగా రోడ్డు మీద వాడకూడదు. ప్రదర్శనకీ, ర్యాలీకీ, రిపేరుకీ, పెట్రోలు పోయించుకోడానికీ తీసుకెళ్ళొచ్చు. పెళ్ళాంతో కొల్లేటికి పోవడం ఆ లిస్టులో లేదు!

అందుకే నేను మామూలు ఆర్సీతోనే ఉన్నా. ప్రతి అయిదేళ్ళకీ ఫిట్‌నెస్ చూపించి రెన్యూ చేయించాలి. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి ఆ ఫీజుని 2025 ఆగస్టులో 5 వేల నుంచి 10 వేలకి పెంచారు. కడతా, ఏడుస్తూ కడతా. ట్రైలర్‌కి కూడా వేరే రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఊళ్ళో వెల్డింగ్ షాపులో చవగ్గా కొట్టించేద్దాం అనుకోకండి, ఆమోదం ఉన్న తయారీదారు దగ్గర కొన్నదైతేనే ఆ పని సాఫీగా అవుతుంది.

నా గొడవ ఎక్కడంటే.. పాత బండికి మన చట్టం రెండే దారులు చూపిస్తోంది. ఒకటి మ్యూజియం, రెండోది తుక్కు. వింటేజ్ ప్లేటు పెట్టి గుడ్డ కప్పు, లేదా ఏటికేడు పెరిగే ఫీజులు కట్టలేక తూకానికి అమ్ముకో. మధ్యలో 'జాగ్రత్తగా, అప్పుడప్పుడూ వాడుకో' అనే దారి లేదు. ఇంగ్లండులో 40 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చెయ్యని కారుకి రోడ్ టాక్సు లేదు, 2018 నుంచి ఏటేటా చేయించే తనిఖీ కూడా తప్పనిసరి కాదు. పైగా దాన్ని రోజూ నడుపుకోవచ్చు, వెనకాల క్యారవానూ కట్టుకోవచ్చు. మనకి అంత ఉదారం అక్కర్లేదు. తనిఖీ కచ్చితంగా చెయ్యండి, ఏడాదికి మూడువేల కిలోమీటర్లని హద్దు పెట్టండి, ఓడోమీటర్ చూడండి. కానీ వాడుకోనివ్వండి.

"మరి పొగ సంగతేంటి?" అని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. క్యాటలిటిక్ కన్వర్టర్ లేని ఇంజను కిలోమీటరుకి వదిలే పొగ కొత్త కారుకన్నా చాలా ఎక్కువ, కాదనను. అందుకే నేను హద్దు ఉండాలంటున్నా. రోజూ ఆఫీసుకి వేసుకెళ్ళే కారుగా దీన్ని ఎవరూ సమర్థించక్కర్లేదు. ఏడాదికి పది ట్రిప్పులు తిరిగే బండినీ, రోజుకి రెండొందల కిలోమీటర్లు తిరిగే పాత డీజిల్ బండినీ ఒకే గాటన కట్టొద్దంటున్నా, అంతే.

అసలు బండిలో కాపురం మనకి కొత్తా? కృష్ణనీ గోదావరినీ కలిపే ఏలూరు కాలవ మీద మన ముత్తాతలు పడవల్లో వండుకుని, అందులోనే పడుకుని ప్రయాణాలు చేశారు. తీర్థాలకి గూడుబండ్లు కట్టుకుని పోయారు. కోతలైపోయిన చేలల్లో బాతుల మందలు తోలుకుంటూ, గుడారాలేసుకుంటూ ఊరూరా తిరిగే కుటుంబాల్ని కొల్లేటి చుట్టుపక్కల ఇప్పుడూ చూడొచ్చు. అంతెందుకు, 1982లో ఎన్టీఆర్ ఓ పాత షెవర్లే వ్యాన్‌ని చైతన్యరథం చేసుకుని, హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా తిరిగారు. రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే భోజనం. ఓ పాత బండి మ్యూజియంలో ఉండకుండా రోడ్డు మీద ఉంటే ఏం చెయ్యగలదో తెలుగువాళ్ళకి వేరే చెప్పాలా!

ఎక్కడికెళ్ళాలి అంటారా.. నవంబరు నుంచి మార్చి లోపల కైకలూరు పక్కన ఆటపాక. గూడబాతులు వేలల్లో దిగుతాయి. పొద్దున్నే మంచులో వాటి సందడి వింటూ ట్రైలర్ తలుపెత్తి టీ కాచుకోవడం ఉందే, దానికి ఏ రిసార్టూ చాలదు. ఫాల్గుణంలో అయితే కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. తాడేపల్లిగూడెంలో రెండో యుద్ధకాలంలో బ్రిటిష్ వాళ్ళు వేసిన రన్‌వే ఉంది. మా మావయ్య నాకు స్టీరింగు చేతికిచ్చింది దాని మీదే. 2015లో వచ్చిన ఎన్ఐటీకి ఆ విమానాశ్రయం స్థలంలోనే చోటిచ్చారు.

ఇక్కడో గట్టి మాట. కొల్లేటి గట్ల మీద రాత్రిళ్ళు బండి ఆపొద్దు. 1999లో +5 కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, 2006లో చెరువుల గట్లు కొట్టించారు. ఆ సరస్సు కోసం ఇంత పోట్లాట జరిగింది, జరుగుతోంది. మనం పోయి బిర్యానీ పొట్లాలూ ప్లాస్టిక్ గ్లాసులూ పడేసి రావడానికా? ఊళ్ళో తెలిసినవాళ్ళ కళ్ళంలోనో, గుడి దగ్గరో అడిగి ఆపుకోండి. అడిగితే కాదనేవాళ్ళు గోదావరి జిల్లాల్లో తక్కువ, భోజనం పెట్టకుండా వదిలేవాళ్ళు ఇంకా తక్కువ. వానాకాలం మాత్రం వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ నీళ్ళన్నీ వచ్చింది కొల్లేటికే.

చివరిగా, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం. నా బండి చూసే మేస్త్రిగారికి డెబ్బై దాటాయి. కార్బురేటర్ చప్పుడు విని ఏ జెట్ మూసుకుపోయిందో చెప్పేస్తారు. "మీ తర్వాత ఎవరు మేస్త్రిగారూ?" అని అడిగితే, "ఎవరున్నారు బాబూ, మా వోడు స్కానర్ పెడితేగానీ బోనెట్ ఎత్తడండి" అన్నారు. డాక్యుమెంటేషన్ లేని పాత కోడ్ రాసినవాడు రిజైన్ చేసి వెళ్ళిపోతే మన పరిస్థితి ఎలా ఉంటుందో మనకి తెలుసు కదా. ఇదీ అంతే. గుడ్డ కప్పిన కారుకి మేస్త్రి అక్కర్లేదు, తిరిగే కారుకే కావాలి. బండి తిరిగితేనే ఆయన చేతిలో పని ఉంటుంది, పని ఉంటేనే పక్కన స్పానర్ అందించే కుర్రాడుంటాడు.

అందుకని, మీ ఊళ్ళో మీ తాతగారిదో, పెదనాన్నగారిదో అంబాసిడర్ షెడ్డులో పడి ఉంటే దాన్ని హైదరాబాద్ తెచ్చి గేటెడ్ కమ్యూనిటీలో బొమ్మలా నిలబెట్టకండి. అక్కడే ఉంచండి, అక్కడి మేస్త్రితోనే బాగు చేయించండి, సంక్రాంతికి వెళ్ళినప్పుడు దాన్లోనే తిరగండి. ట్రైలర్ కట్టడం మీ ఇష్టం. తిరగడం మాత్రం తప్పనిసరి. ఏమంటారు?