చలానా ఒక లెక్క.. బీమా మరో లెక్క

అతివేగంతో పట్టుబడిన కారుకు 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం జరిమానా రూ.1,000 నుంచి రూ.2,000 వరకు ఉంటుంది. రెండోసారి దొరికితే లైసెన్సు స్వాధీనం చేసుకోవచ్చు. అనర్హత వేటు పడితే, గడువు తీరినా పునశ్చరణ శిక్షణ పూర్తి చేస్తేనే దానిని తిరిగి ఇవ్వాలి. చట్టంలో ఇంత పదును ఉంది. ఆచరణలో? 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం కార్ల పెండింగ్ చలానాలపై 60 శాతం రాయితీ ప్రకటించింది. సకాలంలో చెల్లించినవారే నష్టపోయారన్నమాట!

బీమా దారి వేరు. క్లెయిమ్ కోరని యజమానికి, ఎన్ని చలానాలున్నా, సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం వరకు 'నో క్లెయిమ్ బోనస్' దక్కుతుంది. ఉల్లంఘనలను ప్రీమియంతో ముడిపెట్టాలని ఐఆర్‌డీఏఐ కార్యబృందం 2021లోనే సూచించింది. ఏటా పెరిగే ప్రీమియానికి జంకే యజమాని, ఎప్పటికైనా రాయితీ వస్తుందనుకునే చలానాకు జంకుతాడా?