జేబులోని గానభాండారము

1902వ సంవత్సరము నవంబరు నెలలో కలకత్తా నగరమున గౌహర్ జాన్ అను ప్రసిద్ధ గాయని ఒక పెద్ద కొమ్ముబూర యెదుట నిలిచి పాడినది. బూరలోనికి పోయిన ధ్వని మైనపు పలకపై సన్నని గీతలుగా మాఱెను. ఆ గీతలనుండి తయారైన గ్రామఫోను పలక ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములు మాత్రమే మ్రోగును. గంటసేపు విస్తరింపదగిన రాగమును ఆమె ఆ కొద్ది వ్యవధిలో ఇమిడ్చి పాడి, చివర తన పేరును తానే బిగ్గఱగా చెప్పెను. పలకలను అచ్చువేయుటకు జర్మనీ దేశమునకు పంపుచుండిరి. అచ్చటి పనివారికి ఏ పాట యెవరిదో తెలియవలెను గదా!

ఆ తరువాత నూఱేండ్లు దాటినవి. 2007వ సంవత్సరము సెప్టెంబరులో ఆపిల్ కంపెనీవారు ఐపాడ్ క్లాసిక్ అను సంగీతయంత్రమును వెలువరించిరి. వానిలో పెద్దదాని నిలువశక్తి 160 గిగాబైట్లు. నాలుగేసి నిమిషముల పాటలైనచో నలువది వేలు అందులో పట్టునని వారు ప్రకటించిరి. 2009లో వచ్చిన పలుచని రూపము బరువు 140 గ్రాములు. అనగా ఒక మోస్తరు జామపండంత. అన్ని పాటలను గ్రామఫోను పలకలమీద ప్రక్కకొకటి చొప్పున ఎక్కింపవలసి వచ్చినచో ఇరువది వేల పలకలు కావలెను. పలక ఒక్కింటికి ఇన్నూఱు గ్రాములని లెక్కించినను నాలుగు టన్నులగును. రెండెడ్ల బండి లాగజాలని బరువును ఒక బాలుడు చొక్కాజేబులో వేసికొని నడువగలిగెను.

ఇది చూచి ఆశ్చర్యపడనివాడు లేడు. అయినను ఆశ్చర్యము వేఱు, ప్రయోజనము వేఱు. నలువది వేల పాటలు కలవాడు నలువది వేల పాటలు విన్నవాడగునా? బీరువా నిండ పుస్తకములున్నవాడు పండితుడగునా అను పాత ప్రశ్నకు ఇది తోబుట్టువు. ఇట్టి యంత్రము కొనదగినదే, పదిలముగా ఉంచుకొనదగినదే; కాని ప్రకటనలలో చెప్పిన కారణమున గాదు.

ముందుగా ఇంత సంగీతము అంత చిన్న పెట్టెలో ఎట్లు పట్టెనో తెలిసికొనవలెను. కాంపాక్టు డిస్కుపై పాట అంకెల రూపమున నుండును. ధ్వనితరంగమును సెకనుకు 44,100 మాఱులు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా నిలుపుదురు. కుడిచెవి కొక వరుస, ఎడమచెవి కొక వరుస. ఈ పద్ధతిలో ఒక్క నిమిషపు పాటకు సుమారు పది మెగాబైట్ల చోటు కావలెను. దీనిని పదవవంతునకు తగ్గించు ఉపాయమును జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ శాస్త్రజ్ఞులు ఇతరులతో కలసి సాధించిరి. అదియే ఎంపీ3. వారిలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ ముఖ్యుడు.

ఆ ఉపాయము చెవి స్వభావముపై ఆధారపడినది. జాతరలో డప్పులు మ్రోగుచుండగా ప్రక్కన నడచు బాలిక కాలిగజ్జెల సవ్వడి వినబడదు. గజ్జెలు మ్రోగుచునే యుండును, చెవి గ్రహింపదు. అట్లు చెవికి అందని ధ్వనులను ముందుగనే విడిచిపెట్టినచో చాల చోటు కలసివచ్చును. అయితే ఏది విడిచిన చెవి పసిగట్టునో, ఏది విడిచిన పసిగట్టదో ఎట్లు తెలియును? ఇందులకై బ్రాండెన్‌బర్గ్ సుజాన్ వేగా అను అమెరికా గాయని వాద్యముల తోడు లేక పాడిన ఒక పాటను ఎన్నుకొని, లెక్కలేనన్ని మాఱులు విని పరీక్షించెను. ఒంటరి కంఠములో చిన్న లోపమైనను దాగదు. వేలకొలది పాటలు జేబులో పట్టుటకు దారిచూపిన పండితుడు ఒక్క పాటను అంత శ్రద్ధతో, అన్నిమాఱులు వినవలసి వచ్చెను! ఈ కథలో ఇంతకంటె గమనింపదగిన విషయము వేఱొకటి లేదు.

రెండవ ఉపాయము డిస్కులోనిది. 2001 అక్టోబరు 23న ప్రకటింపబడిన మొదటి ఐపాడ్‌లో జపాను దేశపు తోషిబా కంపెనీవారు చేసిన 1.8 అంగుళముల హార్డ్ డిస్కును వాడిరి. దాని నిలువశక్తి 5 గిగాబైట్లు, వేయి పాటలు. గిరగిర తిరుగు డిస్కును జేబులో వేసికొని పరుగెత్తినచో పాట తెగిపోవలెను గదా! అట్లు జరుగకుండుటకు యంత్రము రాబోవు కొన్ని నిమిషముల సంగీతమును ముందుగనే చదివి, వేఱొక చిన్న జ్ఞాపకపు అఱలో దాచుకొని, డిస్కును ఆపివేయును. కుదుపులకు పాట చెదరదు. బ్యాటరీయు ఆదా యగును. అధికభాగము నిద్రపోవుచునే పాడు గాయకుడన్నమాట!

ఇక లెక్కకు వత్తము. నలువది వేల పాటలు నాలుగేసి నిమిషముల చొప్పున 1,60,000 నిమిషములు. అనగా 2,666 గంటలు. నిద్రాహారములు మాని విన్నను 111 దినములు పట్టును. దినమునకు ఒక గంట వినువానికి ఏడేండ్లు దాటును. అంతవఱకు అతడు ఏ పాటను రెండవమాఱు వినరాదు. రెండవమాఱు వినని పాట ఎవనికి సొంతమగును? గ్రామఫోను కాలమున చాల యిండ్లలో పలకలు కొద్దిగనే యుండెడివి. ఇంటి పిల్లలకు ఏ పలకలో ఏ చరణమువద్ద గీటు పడి టక్కుమనునో కూడ కంఠస్థము. పాటను అంతగా ఎఱుగుట పేదఱికము వలన వచ్చినదని కొందఱందురు. కావచ్చును. కాని అట్టి ఎఱుక సంపద వచ్చిన తరువాత పోవలెనను నియమ మేమియు లేదు.

ఈ యంత్రమున ఒక నిక్కచ్చియైన గుణము గలదు. ఏ పాటను ఎన్నిమాఱులు చివరివఱకు వినిరో అది లెక్క వ్రాసికొనును. కంప్యూటరుతో కలిపినప్పుడు ఆ లెక్క పట్టికలో కనబడును. ఎన్నో పాటలకెదురుగా సున్నయుండుట చూచి యజమానుడు సిగ్గుపడుట కలదు. ఒకరి డిస్కునుండి ఒకరు దోసిళ్ళతో తోడుకొనిన పాటలైనచో చెప్పనే అక్కఱలేదు. రచయితకు గాని గాయకునకు గాని దమ్మిడీ ముట్టలేదు, తెచ్చుకొనినవాడును వినలేదు. అట్టి పాట ఎవరికొఱకు దాచబడినదో!

ఇట్లయినచో యంత్ర మెందులకు? నేడు చేతిలోని ఫోనుకు నెలనెల చందా కట్టినచో పదికోట్లకు మించిన పాటలు వినవచ్చును. ఆ లెక్కముందు నలువది వేలు గడ్డిపోచ. ఈ వాదము బలమైనదే. పెద్దతనమే గొప్పయైనచో యంత్రము ఓడిపోయినట్లే. కాని చందా పాటలు అద్దె యింటివంటివి. నెల తప్పినచో తలుపు మూయబడును. కంపెనీకిని పాట హక్కుదారునకును ఒప్పందము తీఱిపోయినచో నిన్న విన్న పాట నేడు కనబడదు. పైగా ఫోను మంచి గాయకుని కచేరీకి వచ్చిన అల్లరి బంధువువంటిది. ఆలాపన నడుమ పిలుచును, వార్తలు చెప్పును, బేరములాడును. సంగీతయంత్రమునకు పాడుట తప్ప వేఱొక పని తెలియదు. సమర్థతలో ఇది తక్కువ, మర్యాదలో ఎక్కువ.

ఇతరుల కొట్టులో దాచినదానికి భద్రత యెంతయో 2019వ సంవత్సరమున లోకమునకు తెలిసినది. మైస్పేస్ అను సంస్థ తన యంత్రములను మార్చుకొనునప్పుడు 2003 మొదలు 2015 వఱకు జనులు తనకు అప్పగించిన పాటలన్నియు పోయినవని ఒప్పుకొనెను. అవి కోట్లలో నుండెను. చాలమంది యువగాయకులకు తమ తొలిపాటకు వేఱొక ప్రతి లేకుండెను. దాచినవారు దొంగలు కారు, అజాగ్రత్త గలవారు మాత్రమే. కాని పోయిన పాటకు ఆ భేదముతో పనిలేదు.

సొంతముగా ఉంచుకొనుటలో శ్రమ లేకపోలేదు. ఈ యంత్రపు పట్టికలు అమెరికాలో పుట్టినవి. అందు గాయకుడు, ఆల్బము, పాట, ప్రక్రియ, స్వరకర్త అను అఱలున్నవి. రాగమునకు అఱ లేదు, తాళమునకు లేదు, ప్రక్కవాద్యముల విద్వాంసులకు అసలే లేదు. తెలుగువారు సినిమా పాటను చిత్రము పేరుతో గుర్తుంచుకొందురు. తరువాత సంగీతదర్శకుడు, కవి. ఇంగ్లీషు అక్షరములలో త్యాగరాజస్వామి పేరును ఒక్కొక పాటకు ఒక్కొక రీతిగా వ్రాయుటచే యంత్రము ఒక వాగ్గేయకారుని మువ్వురుగా చీల్చును. రాగము, తానము, పల్లవి మూడు తునుకలుగా నున్నప్పుడు ‘షఫల్’ అను మీటను నొక్కినచో తానము వెనుక పెండ్లిపాటయు, దాని వెనుక హరికథ నడిమిభాగమును వచ్చి నవ్వు పుట్టించును. రసికుడైన యజమానుడు ఈ చిక్కులను సరిదిద్దుకొనుటకు సాయంకాలములు వెచ్చించును. ఒక పాటను ఏ రాగపు పేరు క్రింద చేర్పవలెనో నిర్ణయించుటకు దానిని మరల వినవలెను. సందేహమున్నచో తెలిసినవారి నడుగవలెను. ఇట్లు పేరు పెట్టుట వినుటకు మిష యగును. నలువది వేలలో ఆ విధముగా చేతిమీదుగా పోయిన రెండువేల పాటలే అతనివి, తక్కినవి యంత్రానివి.

వినునప్పుడు చెవిని మఱువరాదు. 80 డెసిబెల్ల ధ్వనిని వారమునకు 40 గంటలకు మించి వినరాదనియు, పిల్లలకు హద్దు ఇంకను తక్కువ యనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ధ్వని మూడు డెసిబెల్లు పెరిగినప్పుడెల్ల వినదగిన కాలము సగమగును. బస్సు రొదను మించునట్లు పాటను హెచ్చించుట చెవిని అమ్ముకొనుటయే.

ఐపాడ్ క్లాసిక్ తయారీ 2014 సెప్టెంబరులో ఆగిపోయినది. దానికి కావలసిన భాగములు ఎచ్చటను దొరకుట లేదని కంపెనీ అధిపతి చెప్పెను. అయినను పాత యంత్రములు చావలేదు. నేర్పుగలవారు వెనుకరేకు విప్పి, అలసిన డిస్కును తీసి, దాని చోట మెమరీ కార్డును అమర్చి, క్రొత్త బ్యాటరీ వేసికొనుచున్నారు. తిరుగుడు లేదు గనుక క్రింద పడినను భయము తక్కువ. కార్డు వేసికొని పాడు యంత్రములను నేటికిని కొన్ని కంపెనీలు అమ్ముచున్నవి. అయితే డిస్కైనను కార్డైనను ఒకనాడు మూగవోవుట తప్పదు. ఒక్కచోటనే దాచినవాడు దాచనివానితో సమానుడు.

త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందెను. ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించినది 1877లో. ముప్పదియేండ్ల యెడముచే ఆయన కంఠస్వరము లోకమునకు దక్కలేదు. కృతులు మాత్రము దక్కినవి. వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లస్థానము శిష్యపరంపరలు వేర్వేరు చోట్ల వానిని పాడుచు, వ్రాసికొనుచు వచ్చినందున ఒకచోట మఱచినది వేఱొకచోట నిలిచెను. యంత్రములోని పాటలకు రెండవ ప్రతియు, మూడవ ప్రతియు నుంచుమని నిపుణులు చెప్పు మాటకు ఇంతకంటె పాత సాక్ష్యము వెదకనక్కఱలేదు.

ఇంత శ్రమ ఏ పాటలకొఱకు? అంగడిలో దొరకు పాటకొఱకు గాదు. అది పోయినను మరల కొనవచ్చును. ఏ కంపెనీ పట్టికలోను లేని పాటలు ఇండ్లలో నున్నవి. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిని ఉదయమున కేసెట్టుపై పట్టుకొనినవారున్నారు. ఊరి గుడిలో జరిగిన హరికథ, అమ్మమ్మ పాడిన జోలపాట, పెండ్లిలో ముత్తైదువులు పాడిన అప్పగింతల పాట అట్లే అట్టపెట్టెలలో నున్నవి. కేసెట్టు టేపు సాగుచున్నది, బూజు పట్టుచున్నది. పాడినవారిలో చాలమంది లేరు. జోలపాటకు మూడు మెగాబైట్లు చాలును. 160 గిగాబైట్లలో అది సముద్రములో చెంబెడు నీరు.

అయితే దానిని ఎక్కించుటకు తొందర పనికిరాదు. ఎంపీ3 పాట ఒక యంత్రమునుండి మఱొక యంత్రమునకు రెప్పపాటులో పోవును. కేసెట్టు అట్లు కాదు. టేప్‌రికార్డరుకు తీగ తగిలించి, కంప్యూటరుతో కలిపి, పాడనీయవలెను. అరువది నిమిషముల కేసెట్టుకు అరువది నిమిషములును పట్టును. ముప్పది నిమిషములకు దానిని త్రిప్పి వేయుటకై ఒకరు ప్రక్కన కూర్చుండియే యుండవలెను. జోలపాట నడుమ ఊయల గొలుసు కిఱ్ఱుమనును, వీథిలో పాలవాని కేక వినబడును, ఎవరో దగ్గుదురు. ఎంపీ3 వానిలో కొన్నింటిని విడిచిపెట్టవచ్చును. ప్రక్కన కూర్చున్నవాని చెవి విడిచిపెట్టదు. పాట యంత్రములోనికి చేరిన తరువాత పట్టికలో దాని యెదుట సున్నయే యుండును. కాని అప్పటికే దానిని ఒకరు మొదటినుండి చివరివఱకు వినియున్నారు.